పరిశుద్ధుడు, అదృశ్యుడు అయిన దేవుణ్ణి సమీపించడం ఎలా?

ప్రశ్న: నేను విశ్వాసుల కుటుంబంలో పుట్టి పెరిగాను. బాప్తిస్మం తీసుకుని చాలా ఏళ్లయింది. అయినా ప్రార్థనకు కూర్చుంటే ఎవరితో మాట్లాడుతున్నానో తెలియడం లేదు. కళ్లు మూసుకున్నప్పుడు దేవుణ్ణి ఎలా ఊహించుకోవాలి? దేవుడు తమతో మాట్లాడాడని సంఘంలో కొందరు సాక్ష్యం చెబుతుంటే, నాకు ఒక్కసారైనా అలా జరగలేదే అనిపిస్తుంది. దానికి తోడు, దేవుని పరిశుద్ధత గురించి ప్రసంగం విన్నప్పుడల్లా నాకు భయమే మిగులుతోంది. ఎప్పుడో చేసిన ఒక పాపాన్ని ఎన్నిసార్లు ఒప్పుకున్నా మనసు కుదుటపడటం లేదు. ఈ స్థితిలో అయోగ్యంగా పాలుపొందుతానేమోనని కొంతకాలంగా ప్రభువు బల్లకు, అంటే రొట్టె, పాత్ర తీసుకునే ఆచరణకు, దూరంగా ఉంటున్నాను. ఇంత పరిశుద్ధుడైన, కంటికి కనిపించని దేవుణ్ణి నాలాంటి మనిషి నిజంగా తెలుసుకోగలదా?
– ఒక సహోదరి

సమాధానం:

ప్రియ సహోదరీ,

మీరు రెండు బాధలు చెప్పారు. దేవుడు కనిపించడం లేదన్నది మొదటిది, ఆయన పరిశుద్ధత ముందు నిలబడలేకపోతున్నానన్నది రెండవది. ఉత్తరాన్ని ఒకటికి రెండుసార్లు చదివాక, మొదటిదానికి వేరు రెండవదానిలోనే ఉందని నాకు అనిపించింది. మనల్ని చూసి ముఖం తిప్పుకుంటాడని భయపడే వ్యక్తి ముఖాన్ని మనం మనస్ఫూర్తిగా వెదకలేం. అందుకే మీరు అడిగిన వరుసలో కాకుండా పరిశుద్ధత గురించే ముందు మాట్లాడతాను.

మీ భయం తప్పని నేను అనను. లేఖనం ఈ విషయాన్ని ఎక్కడా పలుచన చేయలేదు. నీ మహిమను చూపించమని మోషే వేడుకున్నప్పుడు, ఏ నరుడూ తనను చూచి బ్రతకడని దేవుడు చెప్పి, అతణ్ణి బండ సందులో ఉంచి, తన చేతితో కప్పి దాటిపోయాడు. ప్రత్యక్ష గుడారంలోను, తరువాత యెరూషలేము దేవాలయంలోను అతిపరిశుద్ధ స్థలానికి ముందు ఒక తెర ఉండేది. ఆ తెర దాటి లోపలికి వెళ్లడానికి ఒక్క ప్రధాన యాజకుడికే అనుమతి ఉండేది. అదీ ఏటా ఒక్క ప్రాయశ్చిత్త దినాన, బలిరక్తం తీసుకుని, తాను చావకుండా ధూపపు పొగ, ఆజ్ఞల పలకలుంచిన మందసం అనే పెట్టెకు మూత అయిన కరుణాపీఠాన్ని కమ్మేలా చేసి వెళ్లాలని లేవీయకాండము 16వ అధ్యాయం చెబుతుంది. దేవుని దగ్గరకు ఎవరైనా, ఎలాగైనా, ఎప్పుడైనా వెళ్లవచ్చునన్న తేలిక మాట ఆ రోజుల్లో ఎవరి నోటా రాలేదు.

అయితే ఆ స్థలం గురించి చరిత్రలో ఒక సంగతి ఉంది. క్రీ.పూ. 63లో రోమా సేనాని పాంపే యెరూషలేమును పట్టుకుని, గెలిచినవాడి అధికారంతో నేరుగా అతిపరిశుద్ధ స్థలంలోకి నడిచి వెళ్లాడు. లోపల ఏ దేవుని ప్రతిమా లేదనీ, ఆ చోటు ఖాళీగా ఉందనీ అప్పుడే లోకానికి తెలిసిందని రోమా చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అప్పటికున్న ఆ రెండవ దేవాలయంలో మందసం కూడా లేదు. ఏ భయమూ లేకుండా తెర దాటి కళ్లారా చూసినవాడికి దేవుని గురించి తెలిసింది ఏమీ లేదు. బయటి ఆవరణలో నిలబడి, లోపలికి తొంగి కూడా చూడలేక, కీర్తనలు పాడుకున్న సామాన్యులకు ఆయన ఎవరో తెలుసు. చూడగలగడం, తెలుసుకోవడం ఒకటే అనుకునేవారు ఈ సంఘటనను కాస్త ఆలోచించాలి. మీరు కూడా, సహోదరీ, మీ భయాన్ని శత్రువుగా చూడకండి. అది సగం దారి వరకైనా మిమ్మల్ని సరిగ్గానే తీసుకొచ్చింది.

మిగతా సగం దగ్గరే చిక్కు. పరిశుద్ధత అంటే మీకు మాలిన్యాన్ని చూసి వెనక్కి జరిగే తెల్లని దూరంలా, పాపిని చూడగానే భగ్గుమనే కోపంలా వినిపిస్తున్నట్టుంది. బహుశా మీరు విన్న ప్రసంగాలు అక్కడితో ఆగిపోయి ఉంటాయి. ప్రవక్తలు అక్కడ ఆగలేదు. హోషేయ 11వ అధ్యాయంలో దేవుడు తనను విడిచిపోయిన ఎఫ్రాయిమును, అంటే ఇశ్రాయేలు ప్రజలను, గురించి మాట్లాడుతూ, దానిని మరల లయపరచనని ప్రకటించి, దానికి కారణంగా తాను మనుష్యుడు కాననీ, వారి మధ్యనున్న పరిశుద్ధ దేవుడననీ చెబుతాడు. ఇక్కడ తీర్పును ఆపుతున్నది పరిశుద్ధతే. మనుషులైతే ఇంత ద్రోహానికి ఎప్పుడో విసిగి తెంచేసుకునేవారు; ఆయన పరిశుద్ధుడు కాబట్టి, అంటే ఈ విషయంలో కూడా మనలాంటివాడు కాడు కాబట్టి, తెంచుకోలేదు. యెషయా 57:15లో మహోన్నతమైన పరిశుద్ధ స్థలంలో నివసించే దేవుడే, అదే వాక్యంలో, వినయంగలవారి దగ్గర, నలిగిన మనసుగలవారి దగ్గర నివసిస్తున్నానంటాడు. ఆయన నివాసాలుగా ఆ వచనం చెప్పే రెండు చోట్ల మధ్య ‘అయినను’ అనే ఒక్క మాట తప్ప మరేమీ లేదు.

ఇంకొక వచనం గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే దాన్ని మనం తరచుగా తప్పు చోట వాడుతుంటాం. “నా తలంపులు మీ తలంపులవంటివి కావు” అన్న యెషయా 55:8ని, కారణం తెలియని కష్టం వచ్చినప్పుడు ఒకరికొకరం చెప్పుకుంటాం. దాని ముందు వచనం చదవండి. భక్తిహీనులు తిరిగి వస్తే ఆయన బహుగా క్షమిస్తాడని అక్కడ ఉంది. అంటే ఆకాశం భూమికి ఎంత ఎత్తుగా ఉందో అంత ఎత్తైన ఆ తలంపులు క్షమాపణను గురించిన తలంపులే. మీరు మిమ్మల్ని క్షమించుకోలేకపోతున్నారు గనుక ఆయన కూడా క్షమించలేడని అనుకోవడం, ఆయన తలంపులను మీ తలంపుల ఎత్తుకు దించడమే అవుతుంది.

లూకా సువార్త 5వ అధ్యాయంలో పేతురు అచ్చంగా మీ స్థితిలోనే కనిపిస్తాడు. వలలు పిగిలిపోయేటన్ని చేపలు పడగానే తన పడవలో ఉన్నది ఎవరో అతనికి అర్థమై, యేసు మోకాళ్ల యెదుట సాగిలపడి, “ప్రభువా, నన్ను విడిచిపొమ్ము, నేను పాపాత్ముడను” అంటాడు. అతను తన గురించి చెప్పుకున్నది నిజమే. యేసు దాన్ని కాదనలేదు. కానీ అడిగిన పని మాత్రం చేయలేదు. పడవ దిగి వెళ్లిపోకుండా, భయపడవద్దని చెప్పి, అతణ్ణి తన వెంట తీసుకుపోయాడు. అదే అధ్యాయంలో వెంటనే ఒళ్లంతా కుష్ఠరోగంతో నిండిన మనిషి వస్తాడు. ధర్మశాస్త్రం ప్రకారం అపవిత్రత తాకితే అంటుకుంటుంది, పరిశుద్ధత మాత్రం అలా అంటుకోదు. హగ్గయి 2వ అధ్యాయంలో ప్రవక్త యాజకులను అడిగి ఈ నియమాన్నే చెప్పిస్తాడు. యేసు చెయ్యి చాపి ఆ మనిషిని ముట్టుకున్నప్పుడు ఆ నియమం తిరగబడింది. రోగి అపవిత్రత యేసుకు అంటలేదు, యేసు శుద్ధతే రోగికి అంటింది. మాటతో బాగుచేయగలిగినవాడు ముట్టుకోవాలని ఎందుకు కోరుకున్నాడో ఒకసారి నిదానంగా ఆలోచించండి.

యెషయా దేవాలయంలో చూసిన దర్శనంలోనూ ఇదే క్రమం ఉంది. అపవిత్రమైన పెదవులు గలవాడనని, నశించానని అతను కేక వేశాడే తప్ప, తన శుద్ధికి తాను ఏ మార్గమూ వెదకలేదు, ఏ మొక్కూ మొక్కలేదు. బలిపీఠం మీద నుంచి నిప్పు తీసుకుని సెరాపు అనే పరలోక దూతే అతని దగ్గరకు ఎగిరి వచ్చాడు. చివరికి సిలువ దగ్గర దేవాలయపు తెర చినిగినప్పుడు, అది పైనుంచి కిందికి చినిగిందని మత్తయి పనిగట్టుకుని రాశాడు. మనిషి చేయి చించితే అలా చినగదు. హెబ్రీ పత్రిక ఆ తెర క్రీస్తు శరీరమే అంటుంది, ఆ మార్గం నూతనమైనదీ జీవంగలదీ అంటుంది, అందుకే “ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము” అని పిలుస్తుంది. ఈ ధైర్యానికి మన యోగ్యత ఆధారమైతే అది ఒక్క రోజు కూడా నిలబడదు. మన పక్షాన లోపల ఉన్న ప్రధాన యాజకుడైన క్రీస్తే దానికి ఆధారం. మనం ప్రార్థన చివర ‘యేసు నామంలో’ అని అలవాటుగా అనేస్తాం. నిజానికి మొదటి మాట పలకడానికి ముందే మనకు కావలసిన మాట అది.

ఇక మీరు పదే పదే ఒప్పుకుంటున్న ఆ పాపం. మన పాపాలు ఒప్పుకుంటే క్షమించడానికి దేవుడు “నమ్మదగినవాడును నీతిమంతుడును” అని 1 యోహాను 1:9 అంటుంది. జాలిగలవాడు గనుక క్షమిస్తాడని అని ఉంటే, ఈ రోజు జాలి కలుగుతుందో లేదోనని మనకు అనుమానం మిగిలేది. నీతిమంతుడు గనుక క్షమిస్తాడన్నప్పుడు, క్రీస్తు చెల్లించినదాన్ని మళ్లీ మన దగ్గర వసూలు చేయడం ఆయన నీతికే విరుద్ధమవుతుంది. కాబట్టి మీరు చూసుకోవలసినవి కొన్నే ఉన్నాయి. ఆ పాపం వల్ల మరొకరికి నష్టం జరిగి ఉండి, దాన్ని సరిదిద్దే అవకాశం ఇంకా ఉంటే, జక్కయ్య చేసినట్టు సరిదిద్దండి. ఒంటరిగా మోయలేకపోతే, గుట్టు కాపాడగల పరిణతిగల ఒక విశ్వాసికి చెప్పి, కలిసి ప్రార్థించండి. యాకోబు పత్రిక 5:16 అందుకే ఉంది. ఆ తరువాత ఆ జ్ఞాపకం వచ్చిన ప్రతిసారీ మళ్లీ క్షమాపణ అడగడం మాని, క్షమించినందుకు కృతజ్ఞత చెప్పండి. ఒకవేళ ఈ అపరాధ భావం నిద్రనూ పనినీ పాడుచేసేంతగా, ఆపుకోలేనంతగా తిరిగి తిరిగి వస్తుంటే, మానసిక వైద్యుణ్ణి కూడా కలవండి. అది విశ్వాసం లేకపోవడం కాదు, మనసుకూ జబ్బు చేస్తుంది.

ఇప్పుడు కనిపించని దేవుని సంగతికి వద్దాం. ఒకే ఇంట్లో ఏళ్ల తరబడి కలిసి ఉన్న మనిషి మనసు కూడా మనం కంటితో చూడలేం. ఆ మనిషి నోరు విప్పి చెబితే, చేతలతో చూపితే తెలుసుకుంటాం. పౌలు కూడా 1 కొరింథీయులకు 2వ అధ్యాయంలో ఈ పోలికనే తీసుకుని, దేవుని సంగతులు దేవుని ఆత్మ బయలుపరిస్తే తప్ప తెలియవంటాడు. 4వ శతాబ్దంలో దేవుని స్వభావ సారాన్నే పూర్తిగా తెలుసుకోగలమని వాదించినవారు ఉండేవారు. వారికి కైసరయ బిషప్పు బసిలు ఇచ్చిన జవాబు నాకు ఇప్పటికీ సరైనదిగా తోస్తుంది: దేవుణ్ణి ఆయన క్రియల ద్వారా తెలుసుకుంటున్నాం, ఆయన సారాన్ని మాత్రం అందుకోగలమని చెప్పుకోం. పూర్తిగా తెలియకపోవడం, అసలు తెలియకపోవడం ఒకటి కాదు.

ఆ క్రియలన్నిటిలో ముఖ్యమైనది కుమారుడు మన మధ్యకు రావడమే. ఎవడూ ఎప్పుడూ దేవుణ్ణి చూడలేదని ఒప్పుకున్న యోహాను, తండ్రి రొమ్మున ఉన్న అద్వితీయ కుమారుడే ఆయనను బయలుపరిచాడని అదే వచనంలో ముగిస్తాడు. తండ్రిని చూపిస్తే చాలు, మరేమీ అక్కర్లేదని ఫిలిప్పు అడిగాడు. మీ కోరికా అదే. “నన్ను చూచిన వాడు తండ్రిని చూచియున్నాడు” అని యేసు అతనికి జవాబిచ్చాడు. క్రీ.శ. 325లో నికయా సభ కుమారుడు తండ్రితో ఒకే తత్వం గలవాడని ప్రకటించింది. అదంతా పండితుల మాటల పోరు అని కొట్టిపారేసేవారు ఉన్నారు, కానీ మీ ఉత్తరానికి జవాబు దాని మీదే ఆధారపడి ఉంది. కుమారుడు దేవునికంటే తక్కువవాడైతే, ఆయనను చూసినా దేవుణ్ణి ఇంకా చూడనట్టే. పాపులతో కలిసి భోజనం చేసిన యేసు వెనుక, మనకు తెలియని మరో కఠినమైన దేవుడు దాక్కుని ఉండవచ్చునన్న భయం మిగిలిపోతుంది. అటువంటి దేవుడెవరూ యేసు వెనుక లేరు. అదృశ్య దేవుని స్వరూపి ఆయనే.

ప్రార్థనలో ఎలా ఊహించుకోవాలన్న ప్రశ్నకు క్రైస్తవులందరూ ఒకే జవాబు ఇవ్వరు. హోరేబు కొండ దగ్గర ఇశ్రాయేలీయులు స్వరం విన్నారే గాని ఏ స్వరూపాన్నీ చూడలేదని ద్వితీయోపదేశకాండము 4వ అధ్యాయం గుర్తుచేస్తుంది. క్రీ.శ. 787లో జరిగిన రెండవ నికయా సభ, కుమారుడు శరీరధారి అయ్యాడు గనుక ఆయన చిత్రపటాలను గౌరవించవచ్చునంది. 16వ శతాబ్దపు సంస్కర్తలలో చాలామంది దాన్ని తిరస్కరించారు. దైవ స్వభావాన్ని మాత్రం ఏ రూపంలోనూ బంధించలేమని ఇరుపక్షాలూ అంగీకరిస్తాయి. నా సలహా అడిగితే, ముఖాన్ని ఊహించే శ్రమ మానేయండి. ఆ ఊహ చివరికి ఎవరో చిత్రకారుడి ఊహే అవుతుంది. దాని బదులు ప్రార్థనకు ముందు సువార్తలోని ఒక సంఘటన చదివి, ఆయన మాటలను, ఆయన చేసిన పనిని మనసులో పెట్టుకుని, ఆయనతోనే మాట్లాడటం మొదలుపెట్టండి.

సాక్ష్యాల గురించి కొంచెం నిక్కచ్చిగా చెప్పనివ్వండి. దేవుడు మాట్లాడడని నేను అనను. కానీ ‘దేవుడు నాతో చెప్పాడు’ అన్న మాట మన సంఘాల్లో అవసరానికి మించి వినిపిస్తోంది, పరీక్షించి చూసేవారు తక్కువయ్యారు. సమస్తమును పరీక్షించమని పౌలు, ప్రతి ఆత్మను నమ్మవద్దని యోహాను హెచ్చరించారు. ఎదుటివారి అనుభవాన్ని కొలబద్దగా పెట్టుకుని మీ విశ్వాసాన్ని కొలుచుకోకండి. 88వ కీర్తన మొదట్లో ‘నా రక్షణకర్తయగు దేవా’ అని పిలిచి, చివరిదాకా జవాబు రాకుండానే చీకటి అన్న మాటతో ముగుస్తుంది. అది ప్రార్థన కాదని ఎవరూ దాన్ని గ్రంథం నుంచి తీసివేయలేదు. 1997లో మరణించిన మదర్ తెరెసా తన ఆత్మీయ మార్గదర్శకులకు రాసుకున్న ఉత్తరాలు 2007లో వెలువడినప్పుడు, ఆమె దశాబ్దాలపాటు దేవుని సన్నిధి తనకు తెలియని శూన్యంలో గడిపారని చదివి చాలామంది విస్మయపడ్డారు. ఆ సంవత్సరాల్లో ఆమె ప్రార్థన ఆపలేదు, సేవా ఆపలేదు. “మీరాయనను చూడకపోయినను ఆయనను ప్రేమించుచున్నారు” అని పేతురు రాసింది ఇలాంటివారికే.

రోజువారీగా ఏం చేయాలంటే, నేను పెద్ద జాబితా ఇవ్వను. మాటలు దొరకనప్పుడు కీర్తనల మాటలనే మీ మాటలుగా పలకండి. 150 కీర్తనల్లో మీ భయానికీ, కోపానికీ, మౌనానికీ సరిపడేవి ఉన్నాయి. మార్కు సువార్తలో 16 అధ్యాయాలే ఉన్నాయి. ఏదీ వెదకాలనే తొందర లేకుండా, యేసు ఎవరితో ఎలా ప్రవర్తించాడో గమనిస్తూ చదవండి. ఏదైనా ఒక ఆజ్ఞ మీకు ఇప్పటికే స్పష్టంగా తెలిసి ఉండి, దాన్ని వాయిదా వేస్తూ ఉంటే, ముందు అది చేయండి. తన ఆజ్ఞలు గైకొనేవాడికి తనను తాను కనబరచుకుంటానని యేసు చెప్పిన మాట (యోహాను 14:21) దర్శనాలు కోరుకునేవారిలో చాలామంది దాటవేసే మాట. యోహాను తన పత్రికలో, ఏ మనిషీ దేవుణ్ణి చూడలేదని మళ్లీ చెప్పి, మనం ఒకరినొకరం ప్రేమిస్తే ఆయన మనలో నిలిచి ఉంటాడంటాడు. దీన్ని నేను చాలా అక్షరార్థంగా తీసుకుంటాను: సంఘంలో మీరు తప్పించుకు తిరిగే మనిషి ఎవరైనా ఉంటే, మీ ప్రార్థన ఎండిపోవడానికి అక్కడ కూడా ఒక కారణం ఉండవచ్చు.

చివరగా ప్రభువు బల్ల. 1 కొరింథీయులకు 11వ అధ్యాయంలో పౌలు మందలించినవారు తమ పాపాలను తలచుకుని వణుకుతున్నవారు కారు. ధనికులు ముందే తిని మత్తులై, పేదలను ఆకలితో కూర్చోబెట్టి, సిగ్గుపరిచిన సంఘం అది. అయోగ్యంగా తినడమని ఆయన అన్నది ఆ ప్రవర్తనను. తరువాతి వచనంలో ప్రతి మనుష్యుడు తన్ను తాను పరీక్షించుకోవాలన్నాడు, పరీక్షించుకుని దూరంగా ఉండమనలేదు. “ఆలాగుచేసి ఆ రొట్టెను తిని” అనే అన్నాడు. విడిచిపెట్టడానికి మీకు ఇష్టం లేని పాపం ఏదైనా చేతిలో పట్టుకుని ఉంటే ముందు దాన్ని విడవండి, ఎవరితోనైనా తగవు ఉంటే సమాధానపడండి. మీ ఉత్తరంలో అలాంటిదేమీ నాకు కనిపించలేదు. మీ కాపరితో ఒకసారి మాట్లాడి, ఈసారి బల్ల సిద్ధపరిచినప్పుడు వెనుక వరుసలో ఆగిపోకుండా వెళ్లి, అందరితో పాటు ఆ రొట్టెనూ పాత్రనూ తీసుకోండి.